పిల్లల మాట విన్నాక జవాబు ఎవరు చెప్పాలి?

2008లో సుప్రీంకోర్టు ముందుకు ఒక బాబు సంరక్షణ కేసు వచ్చింది. తల్లి చనిపోయింది. ఆ మృతికి సంబంధించిన కేసులో తండ్రి నిందితుడు. బాబు అమ్మమ్మ, తాతయ్యల దగ్గర పెరుగుతున్నాడు. నా కొడుకును నాకు ఇప్పించండని తండ్రి కోర్టుకు వెళ్తే కింది కోర్టు, ఆ తర్వాత హైకోర్టు కూడా ఆయనకే ఇమ్మన్నాయి. సుప్రీంకోర్టు న్యాయమూర్తులు మాత్రం బాబును తమ ఛాంబర్‌లోకి పిలిపించుకుని మాట్లాడారు. నాన్న దగ్గరికి వెళ్తావా అని అడిగితే వెళ్లనని తేల్చి చెప్పాడు. అమ్మమ్మ వాళ్ల దగ్గర సంతోషంగా ఉన్నానని, అక్కడే ఉంటానని అన్నాడు. న్యాయమూర్తులు ఆ సంగతి తీర్పులో రాశారు. కింది తీర్పులను పక్కనపెట్టి బాబును అక్కడే ఉండనిచ్చారు.

పిల్లాడు కోరాడు కాబట్టి కోర్టు ఇచ్చేసింది అనుకుంటే ఈ కేసు సగమే అర్థమైనట్టు. తండ్రి మీద ఉన్న క్రిమినల్ కేసును కింది కోర్టులు సరిగ్గా లెక్కలోకి తీసుకోలేదని కూడా సుప్రీంకోర్టు తప్పుపట్టింది. బిడ్డ క్షేమం, పెరిగిన వాతావరణం, అతని ఇష్టం అన్నీ కలిపి చూసింది. బాబు మాట తీర్పు కాలేదు, తీర్పుకు ఒక కారణం అయింది. ఆ కారణం కాగితం మీదకు ఎక్కింది. పిల్లల గొంతు గురించి మాట్లాడేటప్పుడు ఈ చివరి సంగతినే మనం ఎక్కువగా మర్చిపోతాం. అడగడం ఎంత ముఖ్యమో, విన్న మాటను ఏం చేశామో చెప్పడం అంతే ముఖ్యం.

బాలల హక్కుల ఒడంబడికను ఐక్యరాజ్యసమితి 1989 నవంబర్ 20న ఆమోదించింది. మన దేశం 1992 డిసెంబర్ 11న అందులో చేరింది. తిండి, చదువు, వైద్యం, హింస నుంచి రక్షణ లాంటి హక్కుల మీద ఎవరికీ పెద్దగా పేచీ లేదు. చిక్కంతా 12వ అధికరణం దగ్గరే. సొంత అభిప్రాయం ఏర్పరచుకోగలిగిన ప్రతి బిడ్డకీ, తనకు సంబంధించిన అన్ని విషయాల్లో ఆ అభిప్రాయాన్ని స్వేచ్ఛగా చెప్పే హక్కు ఉందని అది అంటుంది. వయసును, పరిణతిని బట్టి దానికి తగిన విలువ ఇవ్వాలంటుంది. కోర్టుల్లో, ప్రభుత్వ కార్యాలయాల్లో తన గురించి ఏదైనా వ్యవహారం నడుస్తుంటే నేరుగా గానీ ప్రతినిధి ద్వారా గానీ బిడ్డ మాట వినే అవకాశం ఉండాలని కూడా చెబుతుంది.

ఇది వినగానే మన ఇళ్లలో రెండు మాటలు వస్తాయి. ఇక వాళ్లు చెప్పిందే వేదమా అన్నది ఒకటి. చిన్నపిల్లలకేం తెలుసు అన్నది రెండోది. మొదటిదానికి జవాబు ఆ అధికరణంలోనే ఉంది. తగిన విలువ ఇవ్వమందే గానీ తలూపమనలేదు. మూడేళ్ల పాప ఇంజెక్షన్ వద్దని ఏడిస్తే వేయించక తప్పదు. కానీ ఎందుకు వేయిస్తున్నామో, ఎంతసేపు నొప్పి ఉంటుందో ముందే చెప్పొచ్చు. ఏ చేతికి వేయించుకుంటావో అడగొచ్చు.

రెండోదానికి జవాబు మన చట్టాల్లోనే దొరుకుతుంది. సాక్ష్యం చెప్పడానికి మన దేశంలో కనీస వయసంటూ లేదు. ప్రశ్న అర్థమై, తెలిసేలా జవాబు చెప్పగలిగితే చాలు. ఏడేళ్ల వయసున్న ఒక పాప సాక్ష్యాన్ని నమ్మి 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఒక హత్య కేసులో తండ్రికి పడిన శిక్షను పునరుద్ధరించింది. అనాథాశ్రమంలో ఉన్న బిడ్డను దత్తత ఇవ్వాలంటే, ఐదేళ్లు నిండిన బిడ్డయితే ఆ బిడ్డ సమ్మతి కావాలి. 12వ అధికరణాన్ని వివరిస్తూ ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల కమిటీ 2009లో ఒక వ్యాఖ్య విడుదల చేసింది. దేశాలు ఇందుకు కనీస వయసు పెట్టుకోవద్దని అందులో సూచించింది. మాటలు రాని పసివాళ్లు ఆటలో, బొమ్మలో, ముఖంలో చెప్పేది కూడా అభిప్రాయమేనంది. ఇంకో మంచి మాట కూడా అంది: చెప్పడం బిడ్డ హక్కే గానీ బాధ్యత కాదు. చెప్పనని ఊరుకునే హక్కు కూడా బిడ్డకు ఉంది.

విడాకుల కేసుల్లో ఈ చివరి మాట చాలా అవసరం. పిల్లల సంరక్షణ గురించి మనం ఇప్పటికీ వాడుతున్న చట్టాల్లో ఒకటి 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం. తెలివిగా ఇష్టం చెప్పగల వయసు బిడ్డకు ఉంటే కోర్టు ఆ ఇష్టాన్ని పరిగణించవచ్చు అని దాని 17వ సెక్షన్ అంటుంది. పరిగణించాలి అనలేదు. కాబట్టి ఒక జడ్జి అరగంట కూర్చుని బిడ్డతో మాట్లాడతారు, ఇంకొకరు అసలు పిలవరు. పిలిచినా కోర్టు వరండాలో ఒక పక్క అమ్మ తరఫు వాళ్లు, ఇంకో పక్క నాన్న తరఫు వాళ్లు నిలబడి ఉంటే, ఆ మధ్యలోంచి నడిచి వెళ్లిన బిడ్డ నోట ఎవరి మాట వస్తుందన్నది పెద్ద ప్రశ్న. వీడికి ఎవరో నూరిపోసి పంపించారు అన్న వాదన ప్రతి కేసులోనూ వినిపిస్తుంది. చాలాసార్లు అది నిజం కూడా. అయితే దానికి మందు అడగడం మానేయడం కాదు, అడిగే తీరు మార్చుకోవడం. అమ్మ కావాలా నాన్న కావాలా అని అడిగితే ఏ బిడ్డైనా నలిగిపోతుంది. పొద్దున నిన్ను ఎవరు లేపుతారు, జ్వరమొస్తే పక్కన ఎవరు పడుకుంటారు, హోంవర్క్ అర్థం కాకపోతే ఎవరిని అడుగుతావు, ఇంట్లో దేనికి భయమేస్తుంది అని అడిగితే, ఎవరినీ కాదనకుండానే ఆ బిడ్డ అన్నీ చెప్పేస్తుంది. ఫ్యామిలీ కోర్టుల్లో కౌన్సెలర్లు ఉన్నది ఇలాంటి పని కోసమే. వాళ్లకు ఒక్కో బిడ్డతో గడపడానికి టైమ్ ఇవ్వడం వ్యవస్థ చేతిలో ఉంది.

2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టానికి వచ్చేసరికి భాష మారింది. తన మేలుకు సంబంధించిన అన్ని నిర్ణయాల్లో పాల్గొనే హక్కు, తన మాట వినిపించే హక్కు ప్రతి బిడ్డకీ ఉన్నాయని మూడో సెక్షన్‌లోనే రాశారు. ఇంట్లోంచి పారిపోయి వచ్చి రైల్వే స్టేషన్‌లో దొరికిన పిల్లలను, పనిలోంచి విడిపించిన పిల్లలను 24 గంటల్లోపు జిల్లా బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలి. ప్రయాణ సమయం అందులోకి రాదు. కమిటీలో ఒక చైర్‌పర్సన్, నలుగురు సభ్యులు ఉంటారు. బిడ్డను ఇంటికి పంపాలా, హోమ్‌లో ఉంచాలా, ఎంతకాలం ఉంచాలి అన్నది వాళ్లే నిర్ణయిస్తారు. ఆ బిడ్డ కోసం తయారుచేసే వ్యక్తిగత సంరక్షణ ప్రణాళిక ఫారంలో, సంరక్షణ నుంచి బిడ్డ ఏం ఆశిస్తోంది అని ఒక వరుస ఉంది. ఆరోగ్యం, చదువు, మానసిక అవసరాల వరుసలతో పాటు అదీ ఉంటుంది. నా దృష్టిలో ఆ ఫారం మొత్తంలో విలువైన వరుస అదే. అందులో మంచి చదువు, మంచి భోజనం అని పెద్దవాళ్ల భాషలో ఏదో ఒకటి నింపేస్తే అది వృథా. నా తమ్ముడు ఇంకో హోమ్‌లో ఉన్నాడు, మమ్మల్ని ఒకే చోట ఉంచండి అని బిడ్డ అన్నది అన్నట్టుగా రాస్తే, ఆ తర్వాత ఎవరో ఒకరు దానికి జవాబు చెప్పక తప్పదు.

తప్పిపోయిన, పనిలో చిక్కుకున్న పిల్లలను వెతికి విడిపించడానికి తెలంగాణలో ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జులైలో ఆపరేషన్ ముస్కాన్ జరుగుతాయి. 2015 జనవరిలో హైదరాబాద్ పాతబస్తీలో గాజులు తయారుచేసే ఇరుకు గదుల్లోంచి బిహార్ పిల్లలను వందల సంఖ్యలో బయటికి తెచ్చారు. తేవాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ విడిపించిన పిల్లలను రైలెక్కించి ఊరికి పంపేశాక మన పని అయిపోయిందనుకుంటే, ఆ పిల్లాడు ఇక్కడికి ఎందుకు వచ్చాడో మనకు తెలియదు. ఇంట్లో ఎంత అప్పుంది, ఎవరు తీసుకొచ్చారు, అడ్వాన్స్ ఎవరి చేతికిచ్చారు, ఊళ్లో బడి ఎంత దూరం అన్నవి వాడికే తెలుసు. అడగకుండా పంపితే అదే ఏజెంట్ అదే ఊరికి మళ్లీ వస్తాడు.

ఇక్కడే ఒక కష్టమైన ప్రశ్న ఎదురవుతుంది. పిల్లల మాట వినాలి, సరే. పిల్లలే మేం పని చేస్తాం అంటేనో?

ఇది ఊహించి వేసిన ప్రశ్న కాదు. 1990లో బెంగళూరులో పనిచేసే పిల్లలు భీమ సంఘ అనే పేరుతో సంఘం పెట్టుకున్నారు. 1996లో కర్ణాటక తీరంలోని కుందాపురలో ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికాల నుంచి పనిచేసే పిల్లల ప్రతినిధులు సమావేశమై పది అంశాలతో ఒక ప్రకటన చేశారు. మా సమస్యలను, మా సంఘాలను గుర్తించండి, మా పనికి గౌరవం, భద్రత కావాలి, మేం చేసిన వస్తువులను బహిష్కరించకండి అన్నారు. మా పరిస్థితికి మూలకారణం పేదరికం, దాని మీద పోరాడండి అన్నారు.

దాదాపు అదే కాలంలో రంగారెడ్డి జిల్లా పల్లెల్లో శాంతా సిన్హా నాయకత్వాన ఎం.వి. ఫౌండేషన్ దీనికి పూర్తిగా ఎదురు దారిలో నడిచింది. బడి బయట ఉన్న ప్రతి బిడ్డా బాలకార్మికుడే అన్నది వాళ్ల వాదన. ప్రమాదకరమైన పని, ప్రమాదం లేని పని అన్న తేడానే వాళ్లు ఒప్పుకోలేదు. జీతానికి పెట్టిన పిల్లలను, గొర్రెలు కాసే పిల్లలను శిబిరాల్లో కొన్ని నెలలు చదివించి, వయసుకు తగిన తరగతిలో నేరుగా చేర్పించారు. శాంతా సిన్హాకు 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. 2007లో ఏర్పడిన జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు తొలి చైర్‌పర్సన్ ఆవిడే.

ఇద్దరూ పిల్లల పక్షమే. అయినా ఒకరు పనిలో గౌరవం అడిగారు, ఇంకొకరు పనే వద్దన్నారు. నేను బడి పక్షాన ఉన్నాను. ఎందుకో చెప్పడానికి కర్నూలు, గద్వాల వైపు సీడ్ పత్తి చేలకు వెళ్లాలి. హైబ్రిడ్ విత్తనం కోసం సాయంత్రం ఒక్కో మొగ్గ విప్పి మగ భాగాలు తీసేయాలి, మర్నాడు పొద్దున్నే ఇంకో రకం పూల పుప్పొడి తెచ్చి ఒక్కో పువ్వుకూ రుద్దాలి. దీన్ని క్రాసింగ్ అంటారు. సీజన్‌లో రోజూ చేయాల్సిన పని ఇది. ఏళ్ల తరబడి దీన్ని ఎక్కువగా ఆడపిల్లల చేతే చేయించారు. చిన్న వేళ్లకు బాగా కుదురుతుందని చెప్పేవాళ్లు. అసలు కారణం కూలి తక్కువ కావడం, ఎదురు మాట్లాడకపోవడం. సీజన్‌కు ముందే ఇంట్లోవాళ్లు అడ్వాన్స్ తీసుకుని ఉంటారు. అలాంటి పదేళ్ల పిల్లను బడికి వెళ్తావా, చేనుకు వెళ్తావా అని అడిగితే చేనుకే అంటుంది. అడ్వాన్స్ తీరకపోతే నాన్నను ఏమంటారో ఆ పిల్లకు తెలుసు. ఆ జవాబును ఆ పిల్ల ఎంపికగా రాసుకోవడం అన్యాయం. ఆ ఇంటి అప్పుకు సాక్ష్యంగా రాసుకోవాలి.

అయితే కుందాపుర పిల్లలు చెప్పిన బహిష్కరణ సంగతిలో మాత్రం పెద్దవాళ్లే తప్పు. 1990ల మొదట్లో, బాలకార్మికులు చేసిన సరుకు దిగుమతిని ఆపాలని అమెరికాలో ఒక బిల్లు వచ్చింది. అది చట్టం కాకముందే బంగ్లాదేశ్ గార్మెంట్ ఫ్యాక్టరీలు భయపడి పిల్లలను పనిలోంచి తీసేశాయి. యూనిసెఫ్ అంచనా ప్రకారం దాదాపు 50,000 మంది. వాళ్లలో చాలామంది బడికి వెళ్లలేదు. రాళ్లు కొట్టడం లాంటి ఇంకా హీనమైన పనుల్లోకి వెళ్లారు. నిన్ను ఇక్కడి నుంచి పంపేస్తే రేపు ఏం చేస్తావు అని ఒక్కరు ఆ పిల్లలను అడిగి ఉంటే ముందే తెలిసేది. పని మాన్పించాలన్న నిర్ణయం పెద్దలదే కావొచ్చు. ఎప్పుడు, ఎలా, దాని బదులు ఏమిచ్చి అన్నది పిల్లలను అడగకుండా తేలే విషయం కాదు.

బాల్యవివాహాల దగ్గరా ఇదే చిక్కు ఇంకో రూపంలో కనిపిస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20 నుంచి 24 ఏళ్ల మహిళల్లో 18 నిండకముందే పెళ్లయినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. దేశ సగటు 23.3. ఈ సంగతిలో 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం పిల్లలకు గట్టి హక్కే ఇచ్చింది: బాల్యంలో జరిగిన పెళ్లిని మేజర్ అయ్యాక రెండేళ్లలోపు రద్దు చేయించుకోవచ్చు. మైనర్‌గా ఉండగానే అయితే పెద్దవాళ్లు ఎవరైనా తన తరఫున, బాల్యవివాహ నిషేధ అధికారితో కలిసి పిటిషన్ వేయాలి. తన పెళ్లి చేసింది ఇంట్లో పెద్దవాళ్లే అయినప్పుడు ఆ పిల్ల తరఫున నిలబడే పెద్దమనిషి ఎక్కడి నుంచి వస్తారు?

పెళ్లి ఆగిన వార్తలు మనం తరచూ చదువుతాం. తొమ్మిదో తరగతి పిల్ల టీచర్‌కు చెబుతుంది, లేదా పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేస్తుంది. అధికారులు వస్తారు, తల్లిదండ్రులతో మాట్లాడతారు, ఈ పెళ్లి చేయబోమని తహసీల్దార్ ముందు బైండోవర్ రాయిస్తారు, ఫొటో దిగుతారు. సాయంత్రానికి జీపు వెళ్లిపోతుంది. ఆ పిల్ల మాత్రం పందిరి గుంజలు ఇంకా తీయని అదే ఇంట్లో, పరువు తీశావన్న మాటల మధ్య ఉండిపోతుంది. తన మాట విన్నారు నిజమే, విన్నందుకు పడాల్సింది ఆమె ఒక్కతే పడుతోంది. రాత్రికి ఎక్కడ ఉంటావు అని ఆ పూటే అడిగి, అవసరమైతే కస్తూర్బా విద్యాలయంలో సీటు ఇప్పించి, నెల తర్వాత మళ్లీ ఒకరు వెళ్లి పలకరిస్తేనే విన్నట్టు లెక్క. ఇంకో పిల్ల నోరు విప్పాలా వద్దా అన్నది, ముందు విప్పిన పిల్లకు ఏం జరిగిందో చూసే నిర్ణయించుకుంటుంది.

ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్‌లో లారా లండీ అనే న్యాయశాస్త్ర ప్రొఫెసర్ 2007లో ఈ చిక్కును సులువుగా విడదీశారు. గొంతు ఉంటే సరిపోదన్నారు. మాట్లాడటానికి భయం లేని చోటు ఉండాలి, మాట్లాడటానికి సాయం ఉండాలి, నిర్ణయం తీసుకునే అధికారం ఉన్నవాళ్లే ఎదురుగా కూర్చుని వినాలి, విన్నదాని ప్రభావం నిర్ణయంలో కనబడాలి. మన దగ్గర మొదటి రెండూ అంతో ఇంతో జరుగుతున్నాయి. పిల్లల మీద లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో కేసుల్లో పోలీసులు యూనిఫామ్ లేకుండా బిడ్డ ఇంటికే వెళ్లి వాంగ్మూలం తీసుకోవాలి, నిందితుడు బిడ్డ కంట పడకూడదు, లాయర్ తన ప్రశ్నలను జడ్జి ద్వారానే అడగాలి. బాధిత మహిళలకు, పిల్లలకు సాయం అందించడానికి 2016లో హైదరాబాద్‌లో మొదలైన భరోసా కేంద్రం ఈ ఆలోచనతో వచ్చిందే. వెనకబడింది మూడో మెట్టు, నాలుగో మెట్టు దగ్గర. నవంబర్ 14న పిల్లలు వేదికెక్కి చక్కగా మాట్లాడతారు. వాళ్లు అడిగిన వాటిలో ఏది అయింది, ఏది కాలేదు అని డిసెంబర్‌లో చెప్పేవాళ్లు ఉండరు.

జవాబు ఎలా ఉండాలో చూపించిన సంఘటన ఒకటి ఉంది. 2019లో స్వీడన్ వాతావరణ ఉద్యమకారిణి గ్రెటా థన్‌బర్గ్, మన ఉత్తరాఖండ్ అమ్మాయి రిధిమా పాండేతో సహా 16 మంది పిల్లలు వాతావరణ మార్పు విషయంలో ఐదు దేశాల మీద ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల కమిటీకి ఫిర్యాదు చేశారు. ఆ ఐదింటిలో మన దేశం లేదు. పిల్లలు నేరుగా ఆ కమిటీకి ఫిర్యాదు చేసుకునే వీలు కల్పించే అదనపు ఒప్పందంలో మనం చేరలేదు. 2021లో కమిటీ ఆ ఫిర్యాదును స్వీకరించలేమని తేల్చింది. ముందు ఆయా దేశాల కోర్టులకు వెళ్లి ఉండాల్సింది అన్నది కారణం. అంటే పిల్లలు ఓడిపోయారు. కానీ కమిటీ ఆ 16 మందిని ఉద్దేశించి, చట్టాల భాష లేకుండా ఒక బహిరంగ లేఖ రాసింది. ఏ వాదనను ఒప్పుకున్నామో, ఏది ఎందుకు కుదరలేదో అందులో వివరించింది. 2023లో పర్యావరణం మీద అదే కమిటీ కొత్త వ్యాఖ్య తయారుచేసినప్పుడు 121 దేశాల పిల్లల నుంచి 16,331 అభిప్రాయాలు తీసుకుంది.

అంత దూరం వెళ్లక్కర్లేదు, పంచాయతీ దగ్గరే మొదలుపెట్టొచ్చు. రాజ్యాంగం ప్రకారం గ్రామసభ అంటే ఓటర్ల జాబితాలో ఉన్నవాళ్లే, పిల్లలకు చోటు లేదు. కర్ణాటకలో అందుకే మక్కళ గ్రామసభలు, అంటే పిల్లల గ్రామసభలు పెట్టారు. కేరళలో మహిళా సంఘాల కార్యక్రమం కుటుంబశ్రీ కింద బాలసభలు నడుస్తున్నాయి. మన రెండు రాష్ట్రాల్లో ఇంటర్ పిల్లల టెన్షన్, కార్పొరేట్ హాస్టళ్ల గురించి ఎన్నేళ్లుగానో పెద్దవాళ్లమే చర్చించుకుంటున్నాం. విశాఖపట్నంలో నీట్ కోచింగ్‌కు వచ్చిన ఒక విద్యార్థిని మృతి కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు 15 మార్గదర్శకాలు ఇచ్చింది. మార్కులను బట్టి బ్యాచ్‌లు విడదీయడం వీలైనంత వరకు మానాలని, 100 మంది గానీ అంతకు మించి గానీ పిల్లలున్న చోట కౌన్సెలర్ ఉండాలని చెప్పింది. ఇవి అమలవుతున్నాయో లేదో తనిఖీకి వచ్చే అధికారి ప్రిన్సిపాల్ గదిలో కాఫీ తాగి వెళ్తే తెలియదు. రాత్రి తొమ్మిదింటికి స్టడీ అవర్‌లో ఉన్న పిల్లలతో, వార్డెన్ లేనప్పుడు మాట్లాడితే తెలుస్తుంది.

బడి విషయంలో దారి ఇప్పటికే ఉంది. విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులు ఉండాలి. మిగతా వాటిలో కొన్ని స్థానాలు స్థానిక విద్యావేత్తలకు గానీ, ఆ బడి పిల్లలకు గానీ ఇవ్వొచ్చని కేంద్రం రూపొందించిన నమూనా నిబంధనలు చెబుతున్నాయి. ఎవరికి ఇవ్వాలో కమిటీలోని తల్లిదండ్రులే తేల్చాలి. అక్కడ ఒక ఎనిమిదో తరగతి అమ్మాయిని కూర్చోబెడితే మొదటి మీటింగ్‌లోనే మరుగుదొడ్డి సంగతి బయటపడుతుంది. రికార్డులో అది పనిచేస్తున్నట్టే ఉంటుంది. తలుపుకు గడియ లేదని, నీళ్లు మధ్యాహ్నానికి అయిపోతాయని, అందుకే ఆడపిల్లలు పొద్దుట నుంచి మంచినీళ్లు తాగడం మానేశారని ఆ అమ్మాయికి తెలుసు. హెడ్‌మాస్టర్ దాన్ని మినిట్స్ బుక్‌లో రాయించాలి. గడియకు డబ్బుంటే ఈ వారమే పెట్టించాలి. నీళ్ల ట్యాంకుకు లేకపోతే ఎంత కావాలో, ఫైలు మండల ఆఫీసులో ఆగిందో జిల్లా ఆఫీసులో ఆగిందో వచ్చే సోమవారం ప్రార్థన అయ్యాక పిల్లలందరి ముందూ చెప్పాలి. పై నెల మీటింగ్‌లో మొదట ఆ పేజీయే తీయాలి.